నిమ్ము చేసిందా అని అడగండి

గుంటూరు, ప్రకాశం పల్లెల మధ్య కీళ్ళ డాక్టరుగా పనిచేయాలనుకునేవాళ్ళు ముందుగా నేర్చుకోవలసింది మందుల పేర్లు కాదు, మాటల అర్థాలు. మందుల పేర్లు పుస్తకాల్లో దొరుకుతాయి. ఇక్కడి మనిషి ‘మంట’ అన్నా, ‘నిమ్ము’ అన్నా ఏమి చెబుతున్నాడో, ఏమి దాస్తున్నాడో ఏ పుస్తకమూ చెప్పదు.

ఇప్పుడు తీరిక దొరికింది కాబట్టి ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఏ పదవి ఎప్పుడొచ్చింది, ఏ సభలో ఎవరు శాలువా కప్పారు అన్న సంగతులు ఇందులో ఉండవు. శాలువాలన్నీ మా పనిమనిషికి ఇచ్చేశాను. చలికాలంలో వాళ్ళింట్లో అందరికీ పనికొస్తున్నాయి.

మాది చీరాల. నాన్న మగ్గం నేసేవాడు. వేళ్ళు సరిగ్గా ఆడినంతకాలమే ఇల్లు గడుస్తుందని తెలిసిన ఇంట్లో పుట్టాను, అందుకే కీళ్ళ వైద్యం పట్టుకున్నానేమో. నాకు కోపం ఎక్కువని నా దగ్గర పనిచేసినవాళ్ళంతా అంటారు. అందులో అబద్ధమేమీ లేదు.

కాయ మంట, కీలు మంట

కరుణమ్మ నా దగ్గరికి వచ్చేనాటికి నలభైకి అటూ ఇటూగా ఉంటుంది. గుంటూరుకు దగ్గర్లోనే ఊరు. ఏటా మిర్చి సీజన్లో తొడిమలు తీసే పనికి వెళ్ళేది. ఆ పని చేసేవాళ్ళకు చేతులు మండటం మామూలే. ఇంటికెళ్ళి మజ్జిగలో ముంచుకుంటారు, కొబ్బరినూనె రాసుకుంటారు, తెల్లారితే మళ్ళీ బస్తాల ముందు కూర్చుంటారు. అందుకని వేళ్ళు వాచి మండుతున్నాయని కరుణమ్మ అన్నప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. “కాయ పనికి పోతే మండవా మరి?” అన్నారు. ఆమె కూడా అలాగే అనుకుంది.

ఊళ్ళో ఆర్‌ఎంపీ ఒక సూది పొడిచేవాడు. కొన్నాళ్ళు హాయిగా ఉండేది, మళ్ళీ మొదలయ్యేది, మళ్ళీ సూది. చివరికి కారం ముట్టకపోతే తగ్గుతుందని కాయ పని మానేసి బడిలో మధ్యాహ్న భోజనం వండే పనిలో చేరింది. ఆ పని ఆమెకు బాగా నచ్చింది. నీడ పట్టున పని, పిల్లలు ‘కరుణమ్మత్తా’ అని చుట్టూ తిరుగుతారు, ఊళ్ళో కాస్త మర్యాద. చేతులు మాత్రం తగ్గలేదు.

“పొద్దున లేవగానే ఎట్లా ఉంటాయి?” అని అడిగాను.

“కొయ్యబారిపోతాయమ్మా. జడేసుకోలేను. పొయ్యి ముట్టిచ్చి సెగ చూపితేగాని వేళ్ళు వంగవు. ఎండెక్కినాక కాస్త సాగుతాయి.”

“కారం మంట ఎక్కడైనా పొద్దున ఎక్కువై మధ్యాహ్నానికి తగ్గుతుందా?”

“అట్టా తగ్గదు గదమ్మా,” అంది. అప్పటికి ఆ జబ్బు ఆమె చిటికెన వేలిని ఒకపక్కకు లాగేసింది.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి మొహమాటం లేకుండా చెబుతాను. ఆర్‌ఎంపీలను తిట్టడం మనకు తేలిక. అర్ధరూపాయి బిళ్ళంత వాపును చేత్తో నొక్కి చూడకుండా రిపోర్టులు మాత్రమే తిరగేసే పెద్ద డిగ్రీల వాళ్ళను కూడా నేను చాలామందిని చూశాను. పొద్దున ఎట్లా ఉంటుందని అడగడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు.

ఒక్క మైకు తీగ

మన ఒంట్లో కాపలా వ్యవస్థ ఒకటి ఉంటుంది. క్రిమి వస్తే పట్టి చంపడం దాని పని. కీళ్ళవాతంలో ఆ కాపలాయే సొంత కీళ్ళ మీద పడుతుంది, కంచే చేను మేసినట్టు. కణాల మధ్య కబుర్లు మోసే ప్రోటీన్లు కొన్ని ఉంటాయి. వాటిలో ఒకదాని గొంతు పెద్దది, దాన్ని టీఎన్‌ఎఫ్ అంటాం. శత్రువు వచ్చాడు రండి అని కేక వేస్తుంది. క్రిమి వచ్చినప్పుడు ఆ కేక కావలసిందే. ఎవరూ రాకపోయినా కేక ఆగకపోతే, విన్న కణాలన్నీ కీలులో చేరి వాపు తెచ్చి, చివరికి ఎముకను కొరుకుతాయి.

మామూలు మాత్రలు కరుణమ్మకు సగమే పనిచేశాయి. మోతాదు పెంచితే కాలేయం ఒప్పుకోలేదు. అప్పుడు బయోలాజిక్ ఇంజెక్షను సంగతి ఎత్తాను. ఇది రసాయనాలు కలిపి తయారుచేసే మాత్ర కాదు, జీవకణాల్లో పెంచి తీసే ప్రోటీను. మింగితే కడుపులో పప్పన్నంతో పాటు అరిగిపోతుంది, అందుకే సూదితో చర్మం కిందికి ఇస్తాం. ఒంట్లోకి వెళ్ళి ఆ టీఎన్‌ఎఫ్‌ను గమ్యం చేరకముందే పట్టేసుకుంటుంది. మందు ఎలా సమకూరిందన్నది వేరే కథ, ఇక్కడ అనవసరం.

ఆమెకు మాత్రం ఇంకోలా చెప్పాను. “మీ ఊళ్ళో ఒక మైకు పాడై, దొంగలు లేకపోయినా దొంగలు దొంగలు అని మోగుతానే ఉందనుకో. జనం కర్రలు పట్టుకొచ్చి, ఎవరూ దొరక్క నీ ఇంటి గోడలే కొడుతున్నారు. ఆర్‌ఎంపీ ఇచ్చే స్టెరాయిడ్ సూది ఊరు మొత్తానికి కరెంటు తీసేస్తుంది. మైకు ఆగుతుంది, దీపాలూ ఆరిపోతాయి. ఈ కొత్త సూది ఆ ఒక్క మైకు తీగ కత్తిరిస్తుంది.”

“మరి నిజంగానే దొంగొస్తే ఎట్టమ్మా?” అంది కరుణమ్మ.

ఈ మందులో ఉన్న చిక్కంతా అదే. ఆ చిక్కు ఆమె ఒంట్లోనే పొంచి ఉందని అప్పటికి నాకు తెలియదు.

చల్లదనం పిచ్చి

దానికంటే ముందు వెంకటేశ్వర్లు సంగతి చెప్పాలి. ఇదే మందు వెన్ను బిగుసుకుపోయే జబ్బుకు, సొరియాసిస్‌కు, కొన్ని పేగు జబ్బులకు కూడా వాడతాం. వీధి వేరు, మైకు అదే. వెంకటేశ్వర్లు ప్రకాశం వైపు మిర్చి రైతు. వెన్ను వంగక, మెడ తిరగక, ఎవరైనా పిలిస్తే మనిషంతా తిరిగి చూసేవాడు. మొదటి ఇంజెక్షన్లు మా దగ్గరే వేశాం, బాగా పనిచేశాయి. తర్వాతవి ఇంటికి ఇచ్చి పంపాం. ఆ తర్వాత వచ్చినప్పుడు మళ్ళీ కొయ్యలాగే వచ్చాడు.

“ఫ్రిజ్‌లోనే పెట్టావా?”

“ఫ్రిజ్జు ఏంటండీ, పైన ఐసు గడ్డకట్టే అరలోనే పెట్టా! కాయ సంగతి మనకు తెలవదా? కోల్డ్ స్టోరేజీలో ఎంత చల్లగుంటే రంగు అంత నిలబడుద్ది.”

ఆయన పొడుచుకున్నదంతా గడ్డకట్టి చెడిపోయిన మందు. మిర్చి పండించేవాడికి తప్ప ఇంకెవరికీ ఇంత నమ్మకంగా ఈ తప్పు చేయడం రాదు. ఎంత అరిచానో బయట కూర్చున్న రోగులు చెబుతారు. అరిచాక నీళ్ళు తాగి, అర్థమయ్యేలా చెప్పాను. “ఇది కోడిగుడ్డు సొనలాంటిదయ్యా. ఉడికిన గుడ్డు మళ్ళీ పచ్చిది అవుతుందా? గడ్డకట్టినా అంతే, పాడైతే తిరిగి రాదు. కింది అరలో, మీ ఆవిడ పెరుగు పెట్టే చోట పెట్టు.” ఆ గుడ్డు మాట ఆ తర్వాత అందరికీ చెప్పడం అలవాటైంది. కరుణమ్మకు కూడా చెప్పాను.

నిమ్ము

నేను చదువుకునే రోజుల్లో ఊపిరితిత్తుల జబ్బుల విభాగంలో ఒక పెద్ద డాక్టరుగారి దగ్గర కొన్నాళ్ళు పనిచేశాను. నాకంటే కోపిష్టి. ఒకసారి రౌండ్లలో రోగిని నేను, “టీబీ ఎప్పుడైనా వచ్చిందా?” అని అడుగుతుంటే ఆయన ఆపేశారు.

“ఏమ్మా, టీబీ వచ్చిందా అని అడిగితే ఈ జిల్లాలో ఒక్కడికీ రాలేదు. మరి నా వార్డు ఎట్లా నిండింది?” అన్నారు. తర్వాత ఆయనే మంచం మీద కూర్చుని ఆ మనిషి భుజం మీద చెయ్యేసి, “ఏరా, చిన్నప్పుడు నిమ్ము చేసిందా? ఎర్రమాత్రలు మింగావా? ఒంటేలు ఎర్రగా పోసుకున్నావా?” అని అడిగారు. మూడో ప్రశ్నకు ఆ మనిషి తల వంచుకుని ఊఁ అన్నాడు.

ఇక్కడ నిమ్ము అంటే ఛాతీలో చేరిన జలుబు, న్యుమోనియా. చెప్పుకోవడానికి ఇష్టంలేని క్షయ కూడా నిమ్మే. టీబీ అన్న మాట బయటపడితే పెళ్ళి చెడుతుంది, పని పోతుంది, పక్కింటివాళ్ళు గ్లాసు వేరు పెడతారు. అందుకని జనం ఆ జబ్బుకు ఇంకో జబ్బు పేరు తొడిగి తిప్పుతుంటారు. టీబీకి ఇచ్చే ఒక మందు మూత్రాన్ని ఎర్రగా చేస్తుంది. జబ్బు పేరు దాచగలరు గానీ ఆ రంగు మరచిపోలేరు.

కీళ్ళ డాక్టరుకు ఇదంతా ఎందుకంటారా? టీబీ క్రిమి వచ్చినప్పుడు మన ఒళ్ళు దాన్ని చాలాసార్లు చంపలేకపోతుంది. చుట్టూ గోడ కట్టి లోపల పడేస్తుంది, ఏళ్ళ తరబడి అది అలాగే నిద్రపోతుంది. ఆ గోడను నిలబెట్టేది కూడా టీఎన్‌ఎఫ్ కేకే. మనం ఆ మైకు తీగ కత్తిరిస్తే గోడ దగ్గర కాపలా ఉండదు. నిద్రపోయేది లేచి ఒళ్ళంతా పాకుతుంది. కీళ్ళ కోసం వచ్చిన మనిషి ప్రాణం పోవచ్చు.

కరుణమ్మకు మొదటి సూది వేయాల్సిన రోజు మంచి ఎండాకాలం. పక్కన అత్తగారు యేసమ్మ తోడు వచ్చింది, పొట్టిగా, గట్టి గొంతుతో, చేతిలో చర్చి క్యాలెండరు బొమ్మ ఉన్న సంచితో. పరీక్షలన్నీ చూసిన కుర్ర డాక్టరు సందీప్ ఫైలు నా ముందు పెట్టాడు. విశాఖలో చదివాడు, చురుకైనవాడు. టీబీ చర్మ పరీక్షలో ఏమీ రాలేదని, అన్నీ సరిగ్గానే ఉన్నాయని చెప్పాడు. ఎక్స్‌రేలో పైన చిన్న మచ్చ ఉంది.

“ఇదేంటి?”

“పాతదండి. చిన్నప్పుడు నిమ్ము చేసిందట. న్యుమోనియా కదండీ.”

ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ సూదులు పొడిపించుకున్న ఒంటి మీద చర్మ పరీక్ష మౌనంగా ఉంటే దాన్ని నమ్మడానికి లేదు. లోపలికి వెళ్ళాను. నర్సు అప్పటికే ఇంజెక్షను ఫ్రిజ్‌లోంచి తీసి బల్ల మీద పెట్టింది. “ఆపు,” అన్నాను.

“ఏమ్మా కరుణమ్మా, నిమ్ము చేసినప్పుడు ఎర్రమాత్రలు మింగావా?”

ఆమె నా వైపు చూడలేదు, అత్తగారి వైపు చూసింది. “లేదండి,” అంది.

ఆ చూపు చాలు. “యేసమ్మగారూ, ఎండకు గొంతు ఆరిపోతోంది. కింద కొట్లో అందరికీ టీ చెప్పి రండి,” అని ఆమెను పంపించాను. మనిషి గుమ్మం దాటగానే కరుణమ్మ రెండు చేతులూ జోడించబోయింది. వేళ్ళు కలవలేదు.

“మా అత్త ముందర ఆ మాట అనబాకండమ్మా. తొమ్మిదో తరగతిలో వచ్చింది. మా పెద్దమ్మ ఊళ్ళో ఉంచి మాత్రలు మింగిచ్చారు. ఎర్రగా పోస్తంటే రక్తమనుకుని భయమేసి మధ్యలోనే మానేశా. పెళ్ళప్పుడు చెప్పలా. ఇప్పుడు తెలిస్తే ఇంట్లో సంగతి దేవుడెరుగు, బడిలో నన్ను వండనిస్తారా? నా చేత్తో పెట్టింది వాళ్ళ బిడ్డలు తింటే ఆ తల్లులు ఊరుకుంటారా?”

“ఆ మాత్రలు సగంలో మానేశావు. ఇవాళ ఈ సూది వేస్తే లోపలున్నది లేస్తుంది, కరుణమ్మా.”

“బడి తెరిచేలోపు చేతులు రావాలమ్మా. గరిటె పట్టుకోలేకపోతే ఆ పని కోసం ఇంకోళ్ళు కాచుకోని ఉన్నారు. వేసెయ్యండి. ఏమైతే అదైద్ది.”

ఈ వృత్తిలో కష్టమైన రోజు ఏదని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే. మందు బల్ల మీదే ఉంది. అది ఆమె చేతులు నిలబెడుతుందని నాకు తెలుసు. ఆమెను చంపగలదని కూడా తెలుసు. “వెయ్యను,” అన్నాను. ఆమె ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది. కసురుకుని దాన్ని కప్పిపెట్టుకున్నాను.

అంతలో కర్టెన్ అవతల గ్లాసులు చప్పుడయ్యాయి. యేసమ్మ టీ గ్లాసులతో అక్కడే నిలబడి ఉంది. ఎప్పటినుంచో తెలియదు. కరుణమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

యేసమ్మ గ్లాసులు బల్ల మీద పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

“ఏందే, ఎర్రమాత్రలకేనా ఇంత ఏడుపు? నేను మింగలా?” అంది.

కరుణమ్మ తలెత్తి అత్త వైపు చూసింది.

“నీ మొగుడు పాలు తాగే పిల్లోడప్పుడు నాకూ చేసింది ఆ నిమ్ము. చింతపండు కుండలో దాచిపెట్టి, మీ మామ పొలం పోయినాక మింగేదాన్ని. ఆయనకి ఇప్పటికీ తెలవదు. ఆసుపత్రి నర్సమ్మ ఆ వేళకే వచ్చి, ఎదురుగా నిలబడి మింగిచ్చేది. మానేస్తే మైకులో చెప్తానని బెదిరిచ్చింది. మొత్తం మింగినా. చావలా, బతికే ఉండా గందా?” నా వైపు తిరిగింది. “మీరు ఆ మాత్రలే రాయండమ్మా. ఈసారి మానేస్తే నేను ఊరుకోను.”

ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర అన్నేళ్ళు మెలిగిన ఇద్దరాడవాళ్ళు ఒకే జబ్బును ఒకరికొకరు తెలియకుండా దాచుకున్నారు. నేను కోపిష్టిదాన్నే గానీ ఆ రోజు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

గరిటె

ఛాతీ డాక్టరు కళ్ళె పరీక్ష, స్కాను చేయించి, ప్రస్తుతం జబ్బు రాజుకుని లేదు, పక్కవాళ్ళకు అంటే భయం లేదు అన్నారు. అయినా సగంలో వదిలేసినదాన్ని మొదటినుంచి పూర్తిగా వాడాలన్నారు, అవి ఒంటికి బాగా పట్టాకే ఇంజెక్షను. ఇంకో కష్టం కూడా వచ్చింది. ఆ ఎర్రమందు, నొప్పులకు నేను కొద్దిగా ఇస్తున్న స్టెరాయిడ్ మాత్ర బలాన్ని తగ్గించేస్తుంది. నొప్పులు మునుపటికంటే పెరిగాయి. జూన్‌లో బడి తెరిచేనాటికి ఆమె గ్లాసు కూడా రెండు అరచేతుల మధ్య పట్టుకుని తాగుతోంది.

బడికి యేసమ్మ వెళ్ళింది. హెడ్మాస్టరు ఎదురుగా నిలబడి, “మా కోడలి చేతులు బాగయ్యేదాకా గరిటె నాది. ఉప్పుకారం అదే చెప్పుద్ది,” అందట. కరుణమ్మ పీట మీద కూర్చుని చెబుతుంటే యేసమ్మ కలిపేది. ఏం జబ్బని ఎవరైనా అడిగితే కీళ్ళనొప్పులని చెప్పేవాళ్ళు. అది నిజమే కదా.

ఆ ఎడంలో కరుణమ్మ రెండుసార్లు నా దగ్గర మాత్రలు మానేస్తానని ఏడ్చింది. యేసమ్మ మానేయనివ్వలేదు. చివరికి ఛాతీ డాక్టరు సరేనన్నాక ఆ ఇంజెక్షను నేనే నా చేత్తో వేశాను. మర్నాటికి అద్భుతం జరిగిందని చెప్పను. అలా చెప్పే డాక్టర్లను నమ్మకండి. మొదట ఏమీ కాలేదు. కొన్ని వారాలకు పొద్దున బిగువు తగ్గింది, తర్వాత తన జడ తానే వేసుకుంది. వంకర తిరిగిన చిటికెన వేలు తిన్నగా రాలేదు, రాదు కూడా. ఈ మందు జబ్బును మాన్పదు, నోరు నొక్కి ఉంచుతుంది. కొందరికి అసలు పనిచేయదు. జ్వరమొస్తే ఆపి, మనకు ఫోన్ చేయాలి. ఇవన్నీ మొదటిరోజే చెప్పండి. ఆశ అమ్మడం మన పని కాదు.

సందీప్‌ను ఆ రోజు నేను ఏమీ అనలేదని ఆసుపత్రిలో అందరూ ఆశ్చర్యపోయారు. అతని చదువులో లోపం లేదు, ఇక్కడి చెవి ఇంకా రాలేదు, అంతే. కొన్నాళ్ళకు పక్క గదిలోంచి అతని గొంతు వినిపించింది. “పెద్దాయనా, ఎప్పుడైనా నిమ్ము చేసిందా?” అని, తర్వాత కాస్త సిగ్గుపడుతూ, “ఒంటేలు ఎర్రగా...” అని. మా పెద్ద డాక్టరుగారు వింటే బాగుండేదనిపించింది.

నేను ఆసుపత్రి పని మానేసే రోజున చాలామంది పూలదండలు తెచ్చారు. కరుణమ్మ స్టీలు టిఫిను డబ్బా తెచ్చింది. వెనక యేసమ్మ. మూత తీస్తే ఉడికించిన కోడిగుడ్లు.

“బడివి కాదు గదా?” అన్నాను.

“మా కోళ్ళవేనమ్మా!” అని నవ్వి, ఒక గుడ్డు తీసి నా బల్ల అంచుకు కొట్టింది. బొటనవేలితో, చూపుడువేలితో పెంకు పట్టుకుని మెల్లగా తిప్పుతూ వలిచింది. చిటికెన వేలు పక్కకు నిలబడి చూస్తోంది. తెల్లసొన ఎక్కడా చిట్లలేదు. నున్నటి గుడ్డు నా అరచేతిలో పెట్టింది, ఇంకా వెచ్చగానే ఉంది.

ఉప్పు లేకుండానే కొరికాను.

“నేను వలిస్తే సగం గుడ్డు పెంకుతో పాటే పోయేదమ్మా, పిల్లకాయలు నవ్వేవోళ్ళు,” అంది యేసమ్మ గుమ్మం దగ్గర నుంచి. “ఇంక నావల్ల కాదని గరిటె దానికే ఇచ్చేశా.”